ఖాళీ నంబరు

చందువా చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తున్న చేత్తోనే వీరవేణి ఫోనెత్తింది. చెవికీ భుజానికీ మధ్య దాన్ని ఇరికించుకునేసరికి అవతల నుంచి మొగుడు ఉదయ్‌కుమార్, "వేణీ, ఖాళీ నంబరొకటి చెప్పు" అన్నాడు. అతనేమీ ఊరవతల నుంచి మాట్లాడ్డం లేదు. కేబులాఫీసు ఆ ఇంటి కింద వాటాలోనే ఉంది. మధ్యలో పద్నాలుగు మెట్లు. ఎక్కొచ్చి అడిగితే మోకాళ్లు అరిగిపోతాయేమో, పాపం.

"చివర నలభై రెండు పెట్టండి."

"ఖాళీయేనా? చూసి చెప్పు."

"చూసే చెప్తున్నానండీ" అంది వీరవేణి చందువా కళ్లలోకి చూస్తూ.

కాకినాడ హార్బరు పేటలో పల్లంరాజు కేబులంటే తెలియని గడప లేదు. పల్లంరాజు ఆమె మామగారు. ఒకప్పుడు స్తంభాలెక్కి వైర్లు లాగిన మనిషి, ఇప్పుడు ఆఫీసులో కుర్చీ ఎక్కాడు. స్తంభమైతే సాయంత్రానికి దిగేవాడు. వేట నిషేధం రోజుల్లో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి పేటలో పెళ్లిళ్లన్నీ అప్పుడే. ఒకే ముహూర్తానికి ఏడెనిమిది పందిళ్లు లేస్తే చుట్టం ఎన్నింటికని వెళ్తాడు? అందుకే పల్లంరాజు కేబులు పెళ్లిళ్లని లైవులో ఇళ్లకే పంపుతుంది. జనం ఒక చేత్తో రిమోటు, ఇంకో చేత్తో అక్షింతలు పట్టుకుని కూర్చుంటారు. వీరవేణి అత్త బేబీ అయితే తాళి కట్టే టయానికి టీవీ మీదే అక్షింతలు వేస్తుంది. తర్వాత అవి ఎవరు ఊడవాలో ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు.

ఈ లైవు సంగతిలో ఓ చిన్న మెలిక ఉంది. పెళ్లి దగ్గర పెట్టిన కెమెరా పెట్టెకి ఒక గుంపు నంబరు కావాలి. పెట్టె ఆ నంబరు మీదికి బొమ్మని ఒక్కసారే వదులుతుంది. ఆ పెళ్లి చూడాలనుకున్న టీవీలన్నీ వెళ్లి ఆ నంబరులో చేరతాయి. నాలుగిళ్లు చూసినా నాలుగొందల ఇళ్లు చూసినా వదలడం ఒక్కసారే. కానీ రెండు పెళ్లిళ్లకి ఒకే నంబరు పడిందంటే రెండు బొమ్మలూ కలిసి కిచిడీ అయిపోతాయి. పడకుండా చూసే పని వీరవేణిది. మహిళా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసింది. ఆఫీసులో ఆమెకి కుర్చీ లేదు, పేరు రాసిన కాగితం లేదు. "ఇంట్లో మనిషికి ఉద్యోగమేంటమ్మా?" అంటాడు పల్లంరాజు. వచ్చినవాళ్లకి మాత్రం, "మా కోడలికి కాస్త టైపింగొచ్చండీ" అని పరిచయం చేస్తాడు.

టైపింగొచ్చిన కోడలి తల నిండా నంబర్లే. తలకి నూనె రాసుకుంటున్నా ఫోనే, గుళ్లో ప్రదక్షిణం చేస్తున్నా ఫోనే. మూడో నెల కడుపు పోయి ఆస్పత్రి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడూ ఉదయ్‌కుమార్ ఫోను చేశాడు. "ఒంట్లో ఎలా ఉంది?" అన్నాడు. ఆమె జవాబు వెతుక్కుంటోంది. అతను రెండు క్షణాలు ఆగి, "సరే గానీ, ఖాళీ నంబరేంటి?" అన్నాడు. ఆమె చెప్పింది. చెప్పినందుకు తన మీద తనకి కలిగిన అసహ్యం ఇప్పటికీ గొంతులో చేపముల్లులా ఉంది.

నిరుడు ఆమె రెండ్రోజులు ఉప్పాడలోని పుట్టింటికి వెళ్తే, ఉదయ్‌కుమార్ గారు సొంత తెలివి వాడారు. అది కొత్తది, ఎప్పుడూ వాడింది కాదు. ఇద్దరు పెద్దమనుషులు ఫ్యాన్సీ నంబరు అడిగారని ఇద్దరికీ ఒకటే ఇచ్చేశాడు. ముహూర్తం టయానికి ఒకళ్ల పెళ్లికూతురి చెయ్యి ఇంకొకళ్ల పెళ్లికొడుకు నెత్తిన జీలకర్రా బెల్లం పెట్టింది. పేటంతా గోల. "నువ్వు పుట్టింటికి వెళ్లడం వల్లే కదా!" అన్నాడు ఉదయ్‌కుమార్, ఆమె ఇంకా చెప్పులైనా విప్పకముందే.

ఇలా ఉండగా రాజమండ్రిలో ఓ నెట్ కంపెనీ కంట్రోల్ రూములో వీరవేణికి ఉద్యోగం వచ్చింది. పాలిటెక్నిక్‌లో తోడు చదువుకున్న ప్రిస్కిల్లా అక్కడే పనిచేస్తోంది. తన గదిలో చోటుంది, వచ్చెయ్యమంది. ఈ మాట ఇంట్లో చెప్పగానే ముగ్గురూ ఒకేసారి నవ్వారు. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి చేసిన పని అదొక్కటే.

"నువ్వెళ్తే నంబర్లెవరు చూస్తారు?" అన్నాడు ఉదయ్‌కుమార్.

పల్లంరాజు మీసం దువ్వుకున్నాడు. "ఒక్క ముహూర్తం రోజు, నిన్ను ఒక్క నంబరు అడక్కుండా మన కేబులు నడవనీ. అప్పుడు వెళ్దువుగాని, పో. నేనే బస్సెక్కిస్తాను."

ఎగతాళికే అన్నాడు. వీరవేణి దాన్ని పట్టుకుంది. చేరాల్సిన రోజుకి ఇంకా ఏడు వారాల టైముంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ముగ్గురూ మూడు గదుల్లో గురక పెట్టే రెండు గంటలే ఆమె ఆఫీసు. స్టోరు రూములోని పాత కెమెరా పెట్టెలు తెచ్చుకుని, పాత ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని రాసుకుంటూ పోయింది. పెట్టె ఆన్ కాగానే తనే ఓ నంబరు అనుకోవాలి. నెట్‌వర్క్‌లో ఉన్న మిగతా పెట్టెలన్నిటినీ, "ఇది ఎవరిదైనా ఉందా?" అని అడగాలి. ఆగి ఇంకోసారి అడగాలి. ఎవరూ నోరెత్తకపోతే తీసుకోవాలి. పెళ్లయ్యాక వదిలెయ్యాలి. అడగడానికి మామగారు అక్కర్లేదు, చెప్పడానికి కోడలు అక్కర్లేదు. పెట్టెలూ పెట్టెలూ మాట్లాడుకుని తేల్చుకుంటాయి. పెత్తనం చేసేవాడు లేకుండా ఆ ఇంట్లో ఓ పని జరగడం అదే మొదలు.

అయిదో వారం ఓ మధ్యాహ్నం పరీక్ష పెట్టింది. ఒక పెట్టె గంట నుంచి ఓ నంబరు మీద బొమ్మ చూపిస్తోంది. రెండో పెట్టెకి అదే నంబరు కావాలని పురమాయించి ఆన్ చేసింది. కొత్తది "ఇది ఎవరిదైనా ఉందా?" అనగానే, గంట నుంచి పనిచేసుకుంటున్న పాతది బొమ్మ మధ్యలోనే ఆపేసి, నంబరు వదిలేసి, వేరే చోటు వెతుక్కోడానికి పోయింది. తెర నల్లబడింది. వీరవేణి ఆ నల్లటి తెర వంక చూస్తూ ఉండిపోయింది. తప్పేమీ లేదు, పెట్టె ఆమె రాసినట్టే చేసింది. అవతలివాడు అడిగితే నువ్వు తప్పుకో అని రాసింది ఆమే, రాస్తున్నప్పుడు చెయ్యి కూడా ఆగలేదు. ఎనిమిదేళ్ల కాపురంలో తప్పుకోవడం అంత అలవాటైంది. తనకి ఉక్కపోస్తోందని ఉదయ్ అంటే మంచానికి ఫ్యాను వైపు వదిలి ఇవతలికి జరిగింది. కారులో ముందు సీటు అత్త మోకాళ్లకి వదిలింది. పులుసులో తలకాయ ముక్క తనకిష్టమని ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. తిట్టు వస్తే వంటింట్లోకి, నవ్వు వస్తే పెరట్లోకి, చుట్టం వస్తే చాప మీదికి. అంతెందుకు, "ఎవరైనా కాస్త టీ పెట్టండర్రా" అని బేబీ హాల్లోంచి కేకేస్తే ఆ కేక ఇంటిల్లిపాదికీ వినబడుతుంది, లేచేది మాత్రం ఒకే ఒక్కతి. ఇన్నాళ్లూ ఆ ముగ్గురినీ చూసి లోపల్లోపల మూతి విరుచుకుంది. ఆ మధ్యాహ్నం మొదటిసారి తనని చూసి విరుచుకుంది. ఇనప పెట్టెకి కూడా కోడలి బుద్ధులు నేర్పిందేంటి తను?

ఆ వరుస చెరిపేసింది. ముందు నుంచీ ఉన్నది, "ఇది నాది" అని జవాబు చెప్పాలి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పాలి. తర్వాత వచ్చినదే వేరేది వెతుక్కోవాలి. అలా రాసి మళ్లీ ఆన్ చేసింది. పాత పెట్టె కదల్లేదు. బొమ్మ చెక్కుచెదర్లేదు. వీరవేణికి నవ్వొచ్చింది, ఈసారి పెరట్లోకి వెళ్లలేదు.

ముహూర్తం రోజు రానే వచ్చింది. ముందురోజే వీరవేణి తను రాసింది పెళ్లిళ్లకి వెళ్లే పెట్టెలన్నిటిలోకీ ఎక్కించి, ఇక నంబర్లు అవే చూసుకుంటాయని మామగారికీ మొగుడికీ చెప్పింది. పది గంటల ముప్పై రెండు నిమిషాలకి పది పెళ్లిళ్లు. పదకొండోది వలలు కుట్టే ఏసమ్మ కూతురిది, చర్చిలో. వాళ్లకి ముహూర్తంతో పనిలేదు గనక తొమ్మిదిన్నరకే మొదలైంది. పెట్టెలన్నీ వాటి నంబర్లు అవే చూసుకున్నాయి. వీరవేణి ఫోను పొద్దుట్నుంచీ మోగలేదు. మోగని ఫోను పక్కన పెట్టుకుని గారెల పిండి రుబ్బుతోంది.

పది గంటల అయిదు నిమిషాలకి మెట్ల మీద చప్పుడైంది. ఉదయ్‌కుమార్ ఎక్కొచ్చాడు. పద్నాలుగు మెట్లూ. వెనకాలే రొప్పుతూ పల్లంరాజు.

"అప్పాజీ గారి అమ్మాయి పెళ్లికి నలభై ఒకటి వచ్చిందే!" అన్నాడు ఉదయ్‌కుమార్. అప్పాజీకి ఐసు ఫ్యాక్టరీ ఉంది, కారుకీ బైకుకీ ఫోనుకీ నంబర్లన్నీ తొమ్మిదులే. "ఆయన తొంభై తొమ్మిది కావాలంటున్నాడు. చూస్తే అది ఏసమ్మ కూతురు పట్టుక్కూర్చుంది."

"నంబరు టీవీలో ఎవరికీ కనబడదు కదండీ."

"కనబడకపోతే ఏం? ఆయనకి తెలుసుగా! మూడుసార్లు కొట్టాను. కొట్టినప్పుడల్లా ఆ పెట్టె 'ఇది నాది' అంటోంది. దాన్ని తప్పుకోమని చెప్పు."

"తప్పుకోదండీ."

"నువ్వు చేసిందే కదా, నీ మాట వింటుంది. చెప్పవే, అవతల టైమవుతోంది!"

వింటుంది. ల్యాప్‌టాప్‌లో రెండు మాటలు కొడితే వింటుంది. చర్చిలో ఓ నిమిషం బొమ్మ ఆగుతుంది. ఏసమ్మ చుట్టాలు టీవీని రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంటారు. ఎవరికీ కనబడని రెండు అంకెల కోసం ఇద్దరు మగాళ్లు చెమటలు కక్కుతూ నిలబడ్డారు. వీళ్లకా తను ఎనిమిదేళ్లు భయపడింది?

"నేను చెప్పనండీ" అంది.

ఉదయ్‌కుమార్ తండ్రి వంక చూశాడు. అతని తెలివి అయిపోయినప్పుడల్లా అటే చూస్తాడు. పల్లంరాజు మొహం వెలిగింది.

"చూశావా అమ్మాయ్! అడక్కుండా నడవాలన్నాను. ఇప్పుడు నిన్ను అడగాల్సొచ్చిందా లేదా? అయిపోయింది నీ రాజమండ్రి."

అప్పుడర్థమైంది ఆమెకి. తన అవసరం లేదని రుజువు చెయ్యడానికి తనకి ఏడు వారాలు పట్టింది. అవసరం పుట్టించడానికి వీళ్లకి ఏడు నిమిషాలు చాలు. ఈ రోజు తొమ్మిది, రేపు ఇంకోటి. చేతికంటిన పిండి కడుక్కుంది. తొందరపడలేదు. కొంగుతో తుడుచుకుంటూ హాల్లోకి నడిచింది. వాళ్లిద్దరూ వెనకాలే వచ్చారు.

"అడిగారు మావయ్యా, కాదన్ను. నేను చెప్పలేదు. చూడండి, నడుస్తోందో లేదో."

బేబీ రిమోటు నొక్కుతోంది. ఏసమ్మ కూతురు తెల్లచీరలో సంతకం పెడుతోంది. నొక్కితే అప్పాజీ కూతురు, నలభై ఒకటి మీద, ముక్కుపుడక మెరుపుతో సహా. నొక్కితే ఇంకో పందిరి. నొక్కితే ఇంకోటి. పదకొండూ నడుస్తున్నాయి. ఒకరి చెయ్యి ఇంకొకరి నెత్తికి తగల్లేదు. బేబీ ఆవేశంలో అక్షింతలు విసిరి, "బావున్నాయే అన్నీ! ఏంటలా నిలబడ్డారు ముగ్గురూ?" అంది.

"సోమవారం రాజమండ్రిలో చేరుతున్నానత్తా."

పల్లంరాజు నంబర్ల ఊసెత్తలేదు, పందెం ఊసెత్తలేదు. ఆయన నోట్లోంచి చివరికి వచ్చింది ఒకటే మాట. "మరి అన్నం ఎవరొండుతారు?"

అదా! ఎనిమిదేళ్ల నుంచీ అడుగుతున్నది అదన్నమాట.

"ముగ్గురున్నారు కదా మావయ్యా, మీలో మీరు మాట్లాడుకోండి" అని వీరవేణి మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, అటక మీద సూట్‌కేసు దించండి. నాకందదు."