ఎగువ మడుగులో ఎర్ర బూట్లు

ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే ఏమిటో పెద్దకోడలికి ఇంట్లోనూ తెలిసింది, ఆఫీసులోనూ తెలిసింది. రెండుచోట్లా మేకు ఒకటే.

చిన్నకోడలు ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్న పిల్ల. చురుకైనదని మెచ్చి, మరిదికి సంబంధం మాట్లాడింది ఆమే. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఇప్పుడు అత్తగారి కళ్ళజోడు కనిపించకపోతే చిన్నకోడలే వెతకాలి. నదీ పరిశోధన కేంద్రంలో డైరెక్టర్‌కి ఏ అనుమానం వచ్చినా చిన్నకోడలే తీర్చాలి.

పెద్దకోడలిది పదహారేళ్ళ అనుభవం. ఆ నది ఆల్చిప్పల గురించి ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బురదనీళ్ళలో కళ్ళు పనిచేయవు. వేళ్ళతో తడిమి జాతి చెప్పేస్తుంది, చిప్ప మీది గీతలు గోటితో లెక్కపెట్టి వయసు చెప్పేస్తుంది. దిగువన ఆ ఆల్చిప్పలకు కాలం మూడింది. ఎక్కడినుంచో ఓడలను పట్టుకుని వచ్చిన చారల గుల్లలు వాటిమీద గుంపులుగా అతుక్కుని నోరు తెరవనివ్వడం లేదు. ఆనకట్టకు పైనున్న మడుగులోకి మాత్రం అవి ఇంకా చేరలేదు. అయితే ఆ మడుగులో మిగిలినవన్నీ ముసలి ఆల్చిప్పలేనని, పదిహేనేళ్ళుగా ఒక్క పిల్ల కూడా పుట్టలేదని పెద్దకోడలు నివేదిక రాసింది. అందరికీ అదే ప్రమాణం.

బుధవారం దాకా.

బుధవారం చిన్నకోడలు ఆ మడుగులోంచి బొటనవేలి గోరంత ఆల్చిప్పను తెచ్చి బల్లమీద గిన్నెలో పెట్టింది. మూడేళ్ళ పిల్ల. బతికే ఉంది.

"ముందు నీకే చూపిద్దామనుకున్నా అక్కా. గుమ్మంలో డైరెక్టర్ గారు ఎదురయ్యారు," అంది.

కేంద్రమంతా గిన్నె చుట్టూ మూగింది. మడుగును కాపాడే ప్రాజెక్టు కోసం సోమవారం కమిటీ వస్తోందని, అది ఎవరి చేతిలో పెట్టాలో అప్పుడు చూద్దామని డైరెక్టర్ అన్నారు. మంగళవారం వరకు చూద్దామన్న మాటే లేదు. ఆ ప్రాజెక్టు పెద్దకోడలిదేనని గోడలకు కూడా తెలుసు. ఆమె అందరితోపాటు నవ్వింది. దవడలు నొప్పెట్టేదాకా నవ్వింది.

మూడు రోజులు అన్నం సయించలేదు. ఒకటి దొరికితే అదృష్టం, పది దొరికితేనే పరిశోధన అని తనకు తాను చెప్పుకుంది. ఆ పదీ తనకే దొరకాలి.

ఆదివారం పొద్దున కేంద్రానికి వెళ్ళింది. అక్కడ నీళ్ళలో దిగే సామాను రెండు రకాలు. దిగువకు ఎర్రరంగు పూసినవి, ఎగువకు ఆకుపచ్చవి. ఎర్రవి ఎగువకు పోకూడదు. చారల గుల్ల తడిసంచిలో వారం రోజులైనా బతుకుతుంది. ఆ నియమం రాసింది పెద్దకోడలే. కానీ ఆకుపచ్చ బీరువా తాళంచెవి ఆర్నెల్లుగా చిన్నకోడలి దగ్గర ఉంటోంది. ఫోను చేస్తే ఇచ్చేది. అడగాలి కదా. తాను అక్షరం నేర్పిన మనిషిని తాళంచెవి అడుక్కోవాలి.

ఎర్ర బూట్లు శుక్రవారం కడిగి ఆరేసినవే. ఎండే ఉంటాయిలెమ్మని అనుకుంది. ఎర్ర వలసంచి కూడా భుజాన వేసుకుంది.

పదకొండింటికల్లా మడుగులో మోకాటిలోతు నీళ్ళలో వంగి గులకరాళ్ళు తడుముతోంది. గంటలో ఒక పిల్ల దొరికింది. ఇంకాసేపటికి మరొకటి. ఆమెకు గంతులేయాలనిపించింది. రెండింటినీ సంచిలో వేయబోతుంటే అడుగుముడిలో వేలికేదో గరుకుగా తగిలింది. పైకి తీసి చూసింది.

బియ్యపుగింజంత చారల గుల్ల. సన్నటి దారాలతో వలను పట్టుకుని ఉంది. వేలు ఆనించగానే చటుక్కున మూసుకుంది. బతికే ఉంది.

గంటన్నరగా సంచి నీళ్ళలోనే ఈడుస్తోంది. ఇంకెన్ని రాలాయో.

నడుమెత్తి నిలబడింది. ఒడ్డున ఎవరూ లేరు. అప్పుడొచ్చింది ఆ ఆలోచన, ఎవరో చెవిలో చెప్పినంత స్పష్టంగా. రేపో మాపో ఇక్కడ చారల గుల్లలు బయటపడితే జనం ఎవర్ని అంటారు? దిగువన రోజూ ఆ గుల్లలమీద పనిచేసేది చిన్నకోడలు. బుధవారం ఈ మడుగులో దిగింది చిన్నకోడలు. తాను నోరెత్తక్కర్లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

గుల్లను జేబులో వేసుకుని కారుదాకా నడిచింది. తలుపు తీసింది. పిల్ల ఆల్చిప్పలు రెండూ ఇంకా ఎడమచేతిలోనే ఉన్నాయి. ఇన్నేళ్ళూ లేవని తాను కొట్టిపారేసినవి. ఈరోజు వెతికితే రాలిన చారల గుల్లలు దొరుకుతాయి. రేపటికి ఏ రాయి సందులోకి కొట్టుకుపోతాయో. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఈ పని తెలిసిన మనిషి ఇంకొక్కతే ఉంది.

ఫోను తీసింది.

"ఎగువ మడుగు దగ్గరున్నా. ఎర్ర బూట్లతో దిగాను."

చిన్నకోడలు వెంటనే అడిగింది, "సంచి?"

"అదీ ఎర్రదే. గుల్ల కనిపించింది."

"మళ్ళీ దిగకు. ఎక్కడెక్కడ నడిచావో ఒడ్డున రాళ్ళు పెట్టి గుర్తుంచుకో. వస్తున్నా."

చిన్నకోడలు ముప్పావుగంటలో రెండు జతల ఆకుపచ్చ బూట్లతో వచ్చింది. ఒక జత పెద్దకోడలి చేతిలో పెట్టింది. దెప్పితే పెద్దకోడలి ప్రాణం కుదుటపడేది. నడిచిన మేరంతా తాళ్ళతో గళ్ళు కట్టి, చెరోవైపు నుంచి మోకాళ్ళమీద వెతకడం మొదలుపెట్టారు. మొదటి చారల గుల్ల చిన్నకోడలికే దొరికింది. రెండోది పెద్దకోడలికి. మూడోది, నాలుగోది చిన్నకోడలికి. ఐదోది పెద్దకోడలికి.

"రేపు డైరెక్టర్‌కి నువ్వే చెప్పక్కా. నేను చెప్తే చాడీ అవుతుంది," అంది చిన్నకోడలు తలెత్తకుండా. "నువ్వు చెప్పకపోతే మాత్రం నేను చెప్తా."

పెద్దకోడలు సరేనంది. నిజానికి ఆమె ఆ మాట సగమే విన్నది. మనసులో లెక్క నడుస్తోంది. దానికి మూడు, నాకు రెండు. ఇంకొక్కటి దొరికితే సమానం.

చివరి గడి అయిపోయింది. చిన్నకోడలు నడుం పట్టుకుని లేచి, "ఇంక లేనట్టేనక్కా. అయినా రెండేళ్ళపాటు నెలనెలా వచ్చి చూడాల్సిందే," అంది.

ఆ మాటకు పెద్దకోడలి గుండె ఊరటతో తేలికపడాలి. పడలేదు. ఉసూరుమంది.

తాను ఇంతసేపూ ఏం కోరుకుందో అప్పుడు తెలిసింది. మడుగులో ఇంకో చారల గుల్ల ఉండాలని. తనకు దొరకడం కోసం.

నీళ్ళలోనే కూలబడింది. చలేస్తోందా అని చిన్నకోడలు చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకునే లేచి, ఒడ్డెక్కి, రేపటిదాకా ఆగకుండా డైరెక్టర్‌కి ఫోను చేసింది. బూట్ల సంగతి చెప్పింది. సంచి సంగతి చెప్పింది. కమిటీకిచ్చే కాగితంలో తన పేరు కాకుండా చిన్నకోడలి పేరే రాయమంది.

ఆ మూడూ రెండూ లెక్క మాత్రం చెప్పలేదు.