తీగల్లేని వీణలు

లక్ష్మీనరసమ్మగారి చెవుల మీద పద్మకుమారికి ఒక్కటే ఫిర్యాదు. పెరట్లో పాలగిన్నె మీద మూత జరిగితే వీధరుగు మీంచి పసిగట్టే ఆ చెవులకి, కోడలి వీణ మాత్రం కాపురానికొచ్చిన నెలలోనే తలనొప్పయిపోయింది. అదే వీణ ట్రాన్సిస్టరులో పలికితే, "సరస్వతి దిగొచ్చినట్టున్నాదే" అని కళ్ళు మూసుకుని తలూపేవారు. రేడియోలో వాయించేవాళ్ళకి అత్తగార్లుండరు కాబోలు అనుకునేది పద్మ, తిరగలి తిప్పుతూ.

"కోడలు కూకుని తీగలు మీటితే మన కొట్టుకి సరుకులకొచ్చినోళ్ళేటనుకుంటారు?" అన్నారావిడ. వీణ అటకెక్కింది. మొగుడు నరసింగరావు కిరాణాకొట్లో సబ్బుకడ్డీలు కోసే తీగ తెగిపోయిన రోజున, "వాయించనిదానికి తీగలెందుకురా" అని ఉపాయం చెప్పిందీ ఆవిడే. అతను నిచ్చెనేసుకుని ఎక్కి తీగలన్నీ విప్పుకున్నాడు. "బొబ్బిల్లో వీణ తీగలకి కరువా, మళ్ళీ వేయిస్తాన్లే" అన్నాడు. ఆ తీగ కోసిన సబ్బుతోనే, బి.ఏ. చదివిన పద్మ ఇంటిల్లిపాది బట్టలూ ఉతికింది. బట్టలు నానేలోగా ఎడంచేతి వేళ్ళు బండరాయి మీద మెట్లు వెతుక్కునేవి. ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఆడపడుచు తాయారుకి పెళ్ళి కుదిరింది. సారెలో పెట్టడానికి కొత్త హార్మోనియం పెట్టె కూడా వచ్చింది. పెళ్ళిలో పెట్టే అరివేణి కుండల మీద సున్నంతో ముగ్గులెయ్యడం ఎప్పుడూ కోడలి పనే. ఈసారి పద్మ కుండలు కాలేదాకా ఆగలేదు. కుమ్మరి గున్నమ్మ వాకిట్లో కూర్చుని, చెమ్మ ఆరీఆరని పచ్చికుండలు ఒళ్ళో పెట్టుకుని, పల్చగా కలిపిన తెల్లమట్టితో లతల నడుమ వీణలు గీసింది. దండి, మెట్లు, చివర సింహంలాంటి యాళి తల.

"తీగలు మరిసిపోనావేటమ్మా?"

"మర్చిపోలేదు గున్నమ్మా."

గున్నమ్మ ఆమె మొహంలోకి చూసింది. కుండలు ఆరాక, కాల్చడానికి ఆవంలో పేర్చుకుంది.

పెళ్ళినాడు పొద్దున్న కుండలొచ్చాయి. ఎర్రటి ఒంటి మీద తెల్లటి వీణలు. చుట్టాలు మూగారు.

"పెళ్ళికుండల మీద తీగల్లేని వీణలేటే? అశుభం. కడిగీ" అన్నారు లక్ష్మీనరసమ్మగారు.

"మీరే కడగండత్తయ్యా."

ఆవిడ కొబ్బరిపీచు తెచ్చి తోమారు. సున్నమైతే పోయేదే. ఇది కుండతోపాటు నిప్పుల్లో కాలిన మట్టి. ఆవిడ చెయ్యి ఎర్రబడింది గానీ ఒక్క గీతా చెదరలేదు.

"పోనీ, సున్నంతో తీగలైనా గీసీయే." గొంతు తగ్గింది.

"గియ్యను" అంది పద్మ. ఆ ఇంట్లో ఆమె ఆ మాటనడం అదే మొదలు. నోటికి అంత బరువుగా ఏమీ లేదే అనుకుంది. "అటక మీదున్నదాన్ని చూసే గీశాను. దానికి తీగలొచ్చిన రోజున వీటికీ గీస్తాను."

గుమ్మంలో నరసింగరావు నేలకేసి చూశాడు. పసుపుచీరలో ఉన్న తాయారు తల్లి పక్కకొచ్చి నిలబడింది.

"అమ్మా, నా హార్మోనియం కూడా అత్తోరింట్లో అటకెక్కించేత్తే?"

లక్ష్మీనరసమ్మగారు కూతురిని చూశారు, కోడలిని చూశారు. పీచు పక్కన పడేశారు. చుట్టాలంతా వింటూండగానే అన్నారు:

"ఒరే నరసింగం, నిచ్చెనెయ్. సబ్బు కొయ్యడానికి తీగలు తీయించింది నేనే. తప్పు నాదే."