తవిటయ్య పట్టిన బ్రాంచి

మంటలార్పే గొట్టం చివర బిగించే ఇత్తడి ముక్కును నేను. ఫైర్ స్టేషన్‌లో నన్ను బ్రాంచి అంటారు. నా మెడ దగ్గరున్న కంటెను ఒకవైపు తిప్పితే నీళ్ళు బాణంలా దూసుకెళతాయి, రెండోవైపు తిప్పితే గొడుగులా విచ్చుకుంటాయి. బెంగాలు వైపు ఒక పోత కార్ఖానాలో పుట్టి, ఎండుగడ్డి పరిచిన చెక్కపెట్టెలో రైలెక్కి, తూర్పు తీరంలోని ఒక సైనిక విమాన స్థావరానికి చేరాను.

అగ్గితో యుద్ధం చేస్తాననుకుని వచ్చిన నాకు మొదటి తొమ్మిదేళ్ళూ దక్కింది చింతపండుతో తోమించుకోవడమే. తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి నాలో తన మీసం చూసుకుని, తృప్తిగా తలూపి వెళ్ళేవాడు. నాలోంచి నీళ్ళు వస్తాయో రావో ఒక్కరూ అడగలేదు. పరేడు మైదానంలో దుమ్ము అణిచాను. ఒక కమాండరుగారి భార్య గులాబీ మొక్కలకు నీళ్ళు కూడా పోశాను. విమానాలు నడిపే కుర్రాళ్ళు మా స్టేషన్‌ను క్యారమ్స్ క్లబ్బు అనేవారు.

నన్ను పట్టేవాడు లెంక తవిటయ్య. విజయనగరం దగ్గర పల్లెవాడు, పొట్టి మనిషి, వెడల్పాటి అరచేతులు. ఖాకీ తొడిగినా సైనికుడు కాడు, స్థావరంలో పౌర ఉద్యోగి. అధికారులు రెండు మూడేళ్ళకొకసారి బదిలీ అయిపోయేవారు, ఆయన మాత్రం అక్కడే ఉండిపోయాడు. క్లబ్బు మాట విన్నా ఆయనకు కోపం వచ్చేది కాదు. పొద్దున్నే డ్యూటీకి రాగానే నా కంటెను అటూ ఇటూ తిప్పి చూసి, బిగుసుకుందనిపిస్తే గ్రీజు రాసేవాడు.

ఒక వేసవిలో, ఉదయం పదకొండు గంటలవేళ, శిక్షణ విమానం ఒకటి చక్రాలు తెరుచుకోక పొట్టమీద దిగింది. రన్‌వే అంచుదాకా జారి ఆగింది. రెక్క కింద పెట్రోలు కారి అంటుకుంది. మేము చేరేసరికి గుర్‌బీర్ అనే పంజాబీ పైలట్ లోపల బతికే ఉన్నాడు గానీ, నలిగిన రేకుల మధ్య అతని కాలు ఇరుక్కుపోయింది. తవిటయ్య జోడీ మోజెస్ రేకుల కత్తెర పట్టుకుని లోపలికి వంగాడు. రెక్క మీదికి నురుగు కొట్టే పని ఇంకొకరిది. మోజెస్‌కూ పైలట్‌కూ సెగ తగలకుండా నీళ్ళు పట్టే పని తవిటయ్యది, నాది.

ముందు నురుగు అయిపోయింది. తరువాత, బండిలో నీళ్ళు రెండు నిమిషాలకే ఉన్నాయని డ్రైవరు కేకేశాడు. రెండో బండి ఇంకా రన్‌వే అవతలి కొసన ఉంది. వెనక్కి వచ్చెయ్యమని అధికారి చెయ్యూపాడు.

తవిటయ్య వెనక్కి చూడలేదు. నన్ను సగానికి మూసి, కంటె తిప్పి గొడుగు పట్టాడు. ఇప్పుడు నీళ్ళు నాలుగు నిమిషాలు వస్తాయి. కానీ గొడుగు చిన్నదైపోయింది. అది ఆ ఇద్దరినీ కప్పాలంటే మూడడుగులు ముందుకు వెళ్ళాలి. వెళ్ళాడు. ఆయన ఎడమ భుజం మాత్రం గొడుగు బయటే ఉండిపోయింది.

గుర్‌బీర్ అరుస్తూ కాలు గుంజుకుంటున్నాడు. అతను గుంజినప్పుడల్లా మోజెస్ కత్తెర జారిపోతోంది. అప్పుడు తవిటయ్య, ఇంటి అరుగు మీద కూర్చున్నంత నిదానంగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

"కాలు లాగీకు బాబూ. మా గేదె ఒకపాలి ఊబిలో దిగిపోనాది. కొట్టుకున్నంతసేపూ ఇంకా దిగిపోనాది. ఊరుకున్నాక లాగీసినాం."

గుర్‌బీర్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఆ గొంతు విని కదలడం మానేశాడు. తవిటయ్య ఆపకుండా చెబుతూనే ఉన్నాడు: గేదె ఎలా ఉండేదో, మోకు ఎవరు తెచ్చారో, ఎంతమంది పట్టారో. మోజెస్ చివరి రేకు కత్తిరించి అతన్ని బయటికి లాగాడు. ముగ్గురూ ముప్పై అడుగులు దాటారో లేదో, విమానం నిలువునా అంటుకుంది. రెండో బండి వచ్చేసరికి నాలోంచి బొట్లు మాత్రమే పడుతున్నాయి.

రెండు నెలల తరువాత గుర్‌బీర్ చంకకర్రతో, మిఠాయి పెట్టెతో మా స్టేషన్‌కు వచ్చాడు. ఆ రోజు తనకోసం చదివిన ప్రార్థన ఏమిటని హిందీలో అడిగాడు. తవిటయ్య సిగ్గుతో తల వంచుకున్నాడు. మోజెస్ నవ్వు ఆపుకుంటూ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. గుర్‌బీర్ నవ్వలేదు. ఆ గేదె బతికిందా అని అడిగాడు.

"వచ్చీసింది బాబూ. మరుసటేడు ఈనింది కూడా."

మోజెస్ ఆ మాట హిందీలో చెప్పాక, అప్పుడు నవ్వాడు గుర్‌బీర్. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తరువాత పైలట్లు మమ్మల్ని క్లబ్బు అనడం మానేశారు. తీరిక దొరికితే వాళ్ళే వచ్చి క్యారమ్స్ ఆడేవారు, ఓడిపోయేవారు.

తవిటయ్య ఎడమ భుజం పూర్తిగా పైకి లేవడం మళ్ళీ జరగలేదు. అలాగే పదకొండేళ్ళు పనిచేశాడు. పదవీ విరమణ రోజు దండ వేసి మాట్లాడమంటే, టీ తాగి బస్సెక్కేశాడు.

ఇప్పుడు తేలికైన కొత్త బ్రాంచీలు వచ్చాయి. నన్ను శిక్షణ షెడ్డులో ఉంచారు. కొత్తగా చేరినవాళ్ళు మొదట నన్నే పడతారు. నీళ్ళ ఊపుకు తూలి, ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడుతూ చుట్టూ చూస్తారు. నాకు నోరుంటే వాళ్ళకొకటి చెప్పేదాన్ని. తవిటయ్య మొదటి రోజు తూలడం కాదు, గొట్టంతో సహా వెల్లకిలా పడ్డాడు. ఆయనతోపాటు నేనూ బురదలో పడ్డాను. లేచి కూర్చుని ముందు నన్ను తుడిచాడు, తరువాత తన మొహం తుడుచుకున్నాడు.