కుడి నుంచి మొదలయ్యే పుస్తకం

మా బావ సుబ్బరామయ్యకి బొమ్మల పుస్తకాలంటే ఒళ్ళుమంట. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఆయనది ఉల్లిపాయల కొట్టు, లెక్కలు నేను చూస్తాను. కూతురు నిహారిక వట్లూరులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. ఆ పిల్ల జపాను బొమ్మల కథలు, మాంగా అంటారట, అవి చదవడమే కాక గీస్తుందని కూడా తెలిసి, మేనమామనైన పాపానికి నన్ను దులిపేశాడు.

జపానులో పెద్దవాళ్ళు కూడా చదువుతారని, రైల్లో ఆఫీసుకెళ్ళేవాళ్ళ దగ్గర్నుంచి ముసలమ్మల దాకా ఎవరి కథలు వాళ్ళకున్నాయని, ఇప్పుడు మన పిల్లలూ ఫోన్లలో అవే చూస్తున్నారని, నిహారిక చెప్పిన ముక్కలే ఆయనకి అప్పజెప్పాను. చెవికెక్కితేగా!

ఆ శనివారం కొట్టుకి పార్సిలొచ్చింది. హాస్టల్లో పార్సిళ్ళు తీసుకోరని నిహారిక కొట్టు అడ్రసిచ్చిందని తర్వాత తెలిసింది. కాలేజీ ఫెస్టులో పంచడానికి తను గీసి అచ్చేయించుకున్న పుస్తకాలు. బావ ఒకటి తీసి, అందరం తిప్పినట్టే ఎడమవైపుకి అట్ట తిప్పి మొదలెట్టాడు. లోపల ఒక్క మాట లేదు, అన్నీ బొమ్మలే. కాసేపటికి నన్ను పిలిచాడు. పుస్తకం నా ముందు పెట్టాడు.

మొదటి పేజీలో మా కొట్టే. కాటా దగ్గర బావ వీపు, వెనక గుమ్మంలో జుట్టు తడిసిన పిల్ల. తలంటుకుందేమో అనుకున్నాం. తర్వాత బస్సు, ఆ తర్వాత గట్టు. కిక్కిస దుబ్బులు, గూడబాతులు చూస్తే కొల్లేరని ఎవరికైనా తెలుస్తుంది. పేజీ తిప్పితే పిల్ల నడుం దాకా నీళ్ళలో ఉంది. ఇంకోటి తిప్పితే మెడ దాకా. ఆఖరి పేజీలో నీళ్ళు తప్ప ఏమీ లేవు.

ఫోన్ చేస్తే స్విచాఫ్. కారు నేనే తోలాను. భీమడోలు దాటాక బావ పుస్తకం మూసి, "గోపీ, ఇది మనకి పంపిందంటే చెప్పి పోతున్నట్టేనేంట్రా?" అన్నాడు. నేను కారు ఇంకా జోరుగా తోలాను.

తీరా వెళితే కాలేజీ క్యాంటీన్లో స్నేహితురాళ్ళతో కూర్చుని పునుగులు తింటోంది. ల్యాబులో ఆపేసిన ఫోన్ మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోయిందట. బావ అక్కడే కూలబడ్డాడు. నేను మాత్రం నలుగురూ చూస్తున్నారని కూడా చూడకుండా తిట్టిపోశాను. నిహారిక బావ చేతిలో పుస్తకం చూసి ముందు బిత్తరపోయింది, తర్వాత నవ్వింది.

"మావయ్యా, జపాను పుస్తకం కుడి నుంచి మొదలవుతుందండి. మీరు ఆఖరి అట్ట అనుకున్నదే దానికి ముందు అట్ట. ఇంగ్లీషులోకి మార్చినా అలాగే ఉంచుతారు, మాకదే అలవాటు."

తిప్పి చూపించింది. నిజమే. పిల్ల నీళ్ళలోంచి లేచి, గట్టెక్కి, బస్సెక్కి ఇంటికొస్తోంది. నీళ్ళలో ఉన్న బొమ్మల్లో కూడా మొహం గట్టువైపే ఉంది, మేమే చూసుకోలేదు. ప్రాణం లేచొచ్చింది. తిక్కపిల్లా, కథకి ఇంకేం దొరకలేదా అని నేనూ నవ్వాను.

నిహారిక నవ్వు ఆగిపోయింది. "కథ కాదు మావయ్యా," అంది.

పోయిన వానాకాలం సెమిస్టర్లో సబ్జెక్టులు పోయినప్పుడు కొల్లేటికి వెళ్ళిందట. ఇంట్లో మొహం చూపించలేననుకుందట. మెడ దాకా దిగాక భయమేసి వెనక్కొచ్చేసి, నాన్నకి చెప్పేద్దామని తిన్నగా కొట్టు దగ్గరికే వచ్చిందట. ఆ రోజు చెప్పలేకపోయింది. నోటితో చెప్పలేనివి బొమ్మల్లో చెప్పుకునేవాళ్ళ పుస్తకాలు చదివీ చదివీ, తనూ గీసింది. మేనకోడలు చావు దాకా పోయి వస్తే మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

బావ మెల్లిగా అడిగాడు. "నేనేమన్నానమ్మా అప్పుడు?"

నిహారిక పునుగుల ప్లేటు పక్కకి జరిపింది.

"లోడు దిగుతోందండి నాన్నగారూ. మీరు వెనక్కి తిరగకుండా కాటా చూసుకుంటున్నారు. తడి బట్టలతో బస్తాల దగ్గరికి రాకు, సరుకు పాడవుద్ది అన్నారు."

ఆయన ఆ మాట అని ఉంటాడా అన్న అనుమానం నాకు రాలేదు. వానాకాలమంతా కొట్టుకొచ్చిన ప్రతివాడితోనూ అనే మాటే అది.