ఆకుపచ్చ టిక్కు

శంషాబాద్ బస్టాండు పక్క సందులో నాకొక ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. వీరేందర్ మొబైల్స్ అని బోర్డు. పని తెలిసినవాణ్ణని నాకు మహా పొగరు ఉండేది. నలుగురు చేతులెత్తేసిన ఫోన్లు చివరికి నా దగ్గరికే వచ్చేవి. బాగుచేసి ఊరుకునేవాణ్ణా అంటే అదీ లేదు. "ఎవడు ముట్టిండు దీన్ని? స్క్రూ డ్రైవర్‌తోని విప్పిండా, గొడ్డలితోని విప్పిండా?" అని తెచ్చినవాడికి తలంటేవాణ్ణి. జనం నవ్వుతూనే ఆ మాటలు పడేవాళ్లు. ఇదంతా ఎందుకంటే, ఉపేందర్ ఫోను సంగతిలో తప్పెవరిదని అడిగితే నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. మధ్యలో నేను సాకులు చెబితే నమ్మకండి.

ఉపేందర్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. సొంతూరు మహేశ్వరం పక్కన. తల్లి లింగమ్మ, భార్య సుమలతతో మా సందు చివర రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటున్నాడు. అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా జగదీశ్ అనే ఇంజనీరు అతని బండిలోనే అత్తాపూర్ వెళ్లేవాడు. 2012 ఎండాకాలంలో వచ్చినప్పుడు ఆయన తన పాత ఫోను ఉపేందర్ చేతిలో పెట్టాడు. అక్కడి ఒక నెట్‌వర్క్ కంపెనీ తన కోసం చేయించుకుని అమ్మిన ఫోను అది. మన సిమ్ పట్టదు. ఉపేందర్ దాన్ని నా దగ్గరికి తెస్తే ఆ కంపెనీ వేసిన తాళం తీసి, మన సిమ్ పట్టేలా చేసిచ్చాను.

అదే పేరు, అదే ఒళ్లు ఉన్న ఫోను మన షోరూముల్లోనూ దొరికేది. దానికి మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉండేది. దీనికి లేదు. బదులుగా కంపెనీవాళ్లు తమ యాప్‌లు పదకొండు కూరారు. అక్కడి రోడ్లు చూపించేది ఒకటి, అక్కడి టీవీ పెట్టేది ఒకటి, అక్కడి బిల్లు కట్టమనేది ఒకటి. ఇక్కడ ఒక్కటీ పనికిరాదు.

"గివన్నీ తీసెయ్యన్నా, ఇప్పటికే జాగ లేదంటున్నది," అన్నాడు ఉపేందర్.

"తీయనీకి రావు. ఇల్లు కిరాయికిచ్చినోడు ఒక అర్ర నిండ తన సామానేసి తాళం పెట్టుకుండనుకో. నువ్వు మిగిలినదాంట్ల సంసారం చెయ్యాలె."

ఆ పదకొండులో ఒకదాని మీద మాత్రం అతనికి గురి కుదిరింది. ఫోటోలు, నంబర్లు కంపెనీ దగ్గర దాచిపెట్టే యాప్ అది. స్క్రీన్ పైన రోజూ పొద్దున ఒక ఆకుపచ్చ టిక్కు చూపించి, అన్నీ భద్రంగా ఉన్నాయని చెప్పేది. "మంచి ఫోనన్నా, అడగకముందే చెప్తది," అని మురిసిపోయేవాడు. నేనూ అవునన్నాను. ఆ యాప్ తెరిచి, లోపల ఏముందో మాత్రం చూడలేదు.

ఆ ఏడు నవంబరులో వాళ్లకు పాప పుట్టింది. అఖిల అని పేరు పెట్టుకున్నారు. లింగమ్మకు ఒక పట్టింపు ఉంది. పుట్టువెంట్రుకలు తీయించేదాకా బిడ్డకు ఫోటో దించకూడదు, దించితే ఆయుష్షు తరుగుతుంది. ఆ కుటుంబంలో అందరి పిల్లలూ అలాగే పెరిగారు. ఏడాది నిండాక దేవుడి దగ్గర తలనీలాలిచ్చి, గుండుతో మొదటి ఫోటో. అందుకని సుమలత తల్లిగారింటివాళ్లు కెమెరా తెచ్చినా లింగమ్మ సంచీలోంచి తీయనివ్వలేదు. పాపను బజారుకు తెచ్చినప్పుడు కూడా మొహం మీద కొంగు కప్పే తెచ్చేది.

ఒక్కసారి మాత్రం, లింగమ్మ వాకిట్లో కాళ్లు చాపుకుని పాపను కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోస్తుంటే, ఉపేందర్ తలుపు చాటు నుంచి వీడియో తీశాడు. నిమిషంన్నర. నీళ్లు పడ్డప్పుడల్లా పాప కిలకిలా నవ్విందట. లింగమ్మ చూసి, తిట్టి, వెంటనే తుడిచేయమంది. తుడిచేశానని అతను అబద్ధం చెప్పాడు.

పాపకు ఎనిమిదో నెలలో జ్వరం వచ్చింది. మూడు రోజులు దవాఖానలో పెట్టారు. నాలుగో రోజు గుడ్డలో చుట్టి తీసుకొచ్చారు. చిన్నపిల్ల కదా, ఏ ఆర్భాటమూ లేకుండా పూడ్చిపెట్టారు. సందులో మా అందరికీ విషయం తెలిసేసరికే అన్నీ అయిపోయాయి.

నెల గడిచాక ఉపేందర్ నా దుకాణానికి వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. ఫోను కౌంటర్ మీద పెట్టి నిలబడ్డాడు.

"సుమలతకు పాప మొఖం యాదికొస్తలేదట అన్నా. కండ్లు మూస్కుంటె మబ్బు మబ్బుగ వస్తదట, కొట్టుకుంటున్నది. అప్పుడు చెప్పిన, వీడియో ఉన్నదని. చూపిద్దామని తీస్తే జాగ లేదని తెరుస్తలేదు. బ్యాటరీ తీసి మళ్ల పెట్టిన. అప్పటిసంది గిట్లనే."

ఫోను ఆన్ చేశాను. ఆ అమెరికా కంపెనీ బొమ్మ వచ్చింది, స్క్రీన్ వచ్చింది, పైన ఆకుపచ్చ టిక్కు కనబడింది, వెంటనే ఆరిపోయింది. మళ్లీ అదే. వైరు పెట్టి లోపలివి లాగుదామంటే కంప్యూటర్ దాన్ని పట్టుకునేలోపే ఆరిపోతోంది. లోపలి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి. సరిగ్గా ఆ నెట్‌వర్క్ ఫోనుకే చేసిన ఫైలు దొరికితే, ఉన్న ఫోటోలు చెక్కుచెదరకుండా ఎక్కించవచ్చు. ఆ ఫైలు దించడానికి నా ఇంటర్నెట్‌కు, అప్పటి కరెంటు కోతలకు రెండు రోజులు పడుతుంది.

"లోపలిది ఏమన్న పోతదా అన్నా?"

"టిక్కు చూడలే? పోయినా ఆడికెల్లి తిరిగొస్తది. నువ్వు డ్యూటీకి పో."

అతను వెళ్లాడు. నా కంప్యూటర్‌లో అదే పేరు ఫోనుది, ఇంకో నెట్‌వర్క్‌ది, ఫైలు సిద్ధంగా ఉంది. పేరొకటే, ఒళ్లొకటే, ఏం కొంప మునుగుతుంది అనుకున్నాను. ఎక్కించాను. ఆ రెండు ఫోన్లలో మెమరీని పంచుకునే పద్ధతి వేరట. ఫైలు సగం ఎక్కేసరికే పాత లెక్కంతా చెరిగి కొత్త లెక్క పడింది. ఫోను చక్కగా లేచి, కొత్తగా కొన్నదానిలా నా పేరడిగింది. లోపల ఏమీ లేదు. తుడిచిన మెమరీ నుంచి తిరిగి లాగే సాఫ్ట్‌వేర్లు నాకు తెలిసినవన్నీ వేసి చూశాను. ఏదీ పనిచేయలేదు. అయినా టిక్కు ఉంది కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

రెండు రోజులు కూర్చుని అసలు ఫైలు దించి ఎక్కించాను. ఆ పదకొండు యాప్‌లూ వచ్చి కూర్చున్నాయి. దాచిపెట్టే యాప్ తెరిస్తే ఖాతా అడిగింది. ఖాతా జగదీశ్ గారిది. ఉపేందర్ ఫోన్ చేస్తే ఆయన పాపం వెంటనే పాస్‌వర్డ్ చెప్పాడు.

ఈ రెండు రోజులూ లింగమ్మ నా దుకాణం ముందు బల్ల మీదే ఉంది. కొడుకు వీడియో తీసినందుకే బిడ్డ పోయిందని మొదట రెండు వారాలు తిట్టి పోసిందట. తర్వాత కోడలి అవస్థ చూసి, తిట్లు తన మీదికి తిప్పుకుంది. ఇంటికి పొమ్మంటే పోదు.

"నేనే వద్దన్న కొడుకా. ఎనిమిది నెలలు కండ్ల ముంగట ఆడింది, ఒక్క ఫోటో దించనియ్యలే. నేనే తీస్కపోయి దాని చేతుల పెడ్త. ఇంకెంతసేపు?"

"వస్తది పెద్దమ్మా, జర ఓపిక పట్టు."

ఫోటోలు ఒక్కొక్కటే దిగడం మొదలైంది. మంచు పడిన కారు. ఆఫీసులో కేకు. ఎవరిదో పెళ్లి. నూట నలభై మూడు. అన్నీ దిగాక యాప్‌లో కింద చిన్న అక్షరాల్లో ఉన్న తేదీ చూశాను. చివరిసారి దాచింది 2012 మార్చి. అప్పటికి అఖిల కడుపులో పడిందో లేదో. ఆ టిక్కు జగదీశ్ గారి కాలపుది. మన సిమ్ వేసిన రోజు నుంచి ఆ యాప్ ఒక్క ఫోటో కూడా ఎక్కడికీ పంపలేదు. పాతదే రోజూ చూపిస్తూ వచ్చింది. దాన్ని నమ్మి నిమిషంన్నర వీడియోను నా చేతులతో నేనే తుడిచేశాను.

తల పట్టుకుని కూర్చున్నాను. స్క్రీన్ మీద చివరి ఫోటో అలాగే ఉండిపోయింది. జగదీశ్ గారి పాప కాబోలు, ఏడెనిమిది నెలలది, చిన్న తొట్టిలో నీళ్లలో కూర్చుని నోరంతా తెరిచి నవ్వుతోంది. వీపు వెనక ఎవరిదో గాజుల చెయ్యి.

లింగమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో చూడలేదు. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఫోనును ముక్కు దాకా తెచ్చుకుంది.

"వచ్చిందీ! గిదే గదా! నీళ్లు పోస్తుంటె తీసింది!" అంది. ఆమె గొంతు అలా లేవడం ఆ నెలలో నేను వినలేదు. "నవ్వు చూడు, నవ్వు చూడు నా తల్లి. గా చెయ్యి నాదే."

ఆమె వేలితో స్క్రీన్ మీద రెండుసార్లు తట్టింది.

"మరి ఆడుతలేదేంది? వీడు వీడియో అన్నడు గద?"

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. ఆ ముసలామె బల్ల మీద కూలబడితే చూడలేనన్న పిరికితనం ఒకటి, పొగరు ఇంకొకటి. వీరేందర్ ఫోటోలు పోగొట్టాడని సందంతా చెప్పుకుంటుంది కదా.

"వీడియో రాలే పెద్దమ్మా. ఫోటో ఒక్కటే వచ్చింది," అన్నాను.

"ఒక్కటి సాలు కొడుకా. ఒక్కటి సాలు."

మిగతా నూట నలభై రెండూ తీసేసి, ఆ ఒక్కటీ ఉంచి ఇచ్చాను. కొంగులో చుట్టుకుని దాదాపు పరుగెత్తింది. ఇంట్లో సుమలత చూస్తుంది, ఉపేందర్ వచ్చి నా చొక్కా పట్టుకుంటాడు అనుకుని ఆ సాయంత్రమంతా ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. లింగమ్మ మాత్రం సందులో ఎదురైన ప్రతివాళ్లనూ ఆపి ఫోను చూపిస్తోంది. పక్కింటి రేణుకమ్మ చూసి, ఏమనాలో తెలియక, చక్కగా ఉందంది.

వారం తర్వాత మధ్యాహ్నం సుమలత వచ్చింది. సన్నబడిపోయింది. బల్ల మీద కూర్చోలేదు.

"అన్నా, గా ఫోటోల ఉన్నది ఎవరి పాప?"

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "జగదీశ్ సార్ బిడ్డమ్మా. మీ వీడియో పోయింది. నేనే పోగొట్టిన," అన్నాను.

తల ఊపింది. "కన్నదాన్ని, ఎర్కగాదా? ఈయన గూడ చూసి బయటికి పోయిండు. ఇద్దరం ఏమనలే."

"పెద్దమ్మకు నేనొచ్చి చెప్తనమ్మా. నా తప్పే గద."

"వద్దు. పాప పోయిన కాడికెల్లి అత్తమ్మ బువ్వ ముట్టలే. నేనే ఫోటో తియ్యనియ్యలే అని గోడకు తల కొట్టుకునేది. ఇప్పుడు రెండు పూటలు తింటున్నది. ఇగ ఏం చెప్తవ్?"

"పోనీ, ఫోటో చెరిపేస్త. ఫోను పాడైందని చెప్పు."

"ఎన్నిసార్లు పోగొట్టుకోవాలె ఆమె?"

ఆమె కౌంటర్ అద్దం మీద చెయ్యి పెట్టి, కింద వరుసగా పేర్చిన పాత ఫోన్ల వైపు చూస్తూ మాట్లాడింది.

"పొద్దున లేవంగనే నన్ను పక్కల కూసోపెట్టుకుంటది. చూడు బిడ్డా, ఎట్ల నవ్వుతున్నదో అంటది. నేను చూడాలె. నవ్వాలె. లేకుంటె ఏడుస్తది. మొదట మబ్బుగనన్న మా పాపనే వస్తుండె అన్నా. మూడు దినాలసంది కండ్లు మూస్కుంటె గా పాప వస్తున్నది. తొట్ల కూసోని నవ్వుకుంట."

నేను క్షమించమని కూడా అనలేకపోయాను. ఏ మొహంతో అంటాను?

"మా అఖిలకు చెంప మీద చిన్న మచ్చ ఉండె. నాకు ఎడమ చెంప అనిపిస్తది. ఈయన కుడి అంటడు. అత్తమ్మ ఫోటోల చూసి, మచ్చనే లేదు, నీకు మతి పోయింది అంటున్నది." అప్పుడు నా వైపు చూసింది. "నీ దుకాణం ముంగటికెల్లే తిప్పేది గద అన్నా. నువ్వెన్నడన్న చూసినవా?"

లింగమ్మ ఆ పాపను చంకనేసుకుని నా ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లింది. ఎండ పొడ తగిలినప్పుడు కొంగు పక్కకు జరిగే ఉంటుంది, కాళ్లాడిస్తూ పాప నా వైపు చూసే ఉంటుంది. ప్రతిసారీ నేను తల వంచుకుని ఎవరిదో ఫోను విప్పుకుంటూ ఉన్నాను. నేను ఆ పాప మొహం ఎన్నడూ చూడలేదు.

"ఎడమ చెంపనే," అన్నాను.

"ఎడమనే గదా," అంది సుమలత. ఇంకోసారి అడిగి, ఇంకోసారి నాతో అవుననిపించుకుని, ఎడమ, ఎడమ అని తనలో తాను అనుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది.