తడి చెయ్యి

మా చొక్కాల ఫ్యాక్టరీ నలభై రోజులు మూతబడి మళ్ళీ తెరిచినప్పుడు, గేటు లోపల సిమెంటు నేల మీద తెల్లరంగుతో రెండు వందల పన్నెండు సున్నాలు గీయించారు. ఒక్కో సున్నాలో ఒక్కో టోకెన్ నంబరు. పొద్దున్నే ఎవరి సున్నాలో వాళ్ళు నిలబడాలి. నేను ఒకటో నంబరుతో మొదలుపెట్టి, ఒక్కొక్కరి నుదుటికీ జ్వరం చూసే తుపాకీ గురిపెట్టి, అది చూపిన అంకె రిజిస్టరులో రాసుకుని లోపలికి పంపాలి.

నిజానికి నా పని ఇది కాదు. ఇరవై ఏళ్ళు ఇస్త్రీ టేబుల్ దగ్గర నిలబడ్డ మనిషిని. మోకాళ్ళు మొరాయించాక టోకెన్లు ఇవ్వడానికి గేటు దగ్గర వేశారు. అప్పటినుంచి అందరికీ గేటక్కనయ్యాను. మేనేజరు తుపాకీ నా చేతిలో పెడుతూ, "నీ గొంతు వింటే రోగం కూడా రెండడుగులు వెనక్కేస్తుంది, నువ్వే చూడు" అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియలేదు గానీ నాకు గర్వంగానే అనిపించింది.

మొదటి మూడు రోజులూ అంకెలన్నీ తొంభై ఏడు చుట్టూనే తిరిగాయి. ఎవరికీ జ్వరం లేదు. బయట రోడ్డు మీద గంటకో అంబులెన్సు కూత పెట్టుకుంటూ పోతోంది, లోపల మేమంతా నిక్షేపంగా ఉన్నాం. ఎవరికైనా దగ్గొస్తే అరచేతిలో నొక్కేసి మింగేవాళ్ళు. పక్క సున్నాలో మనిషి మొహం అటు తిప్పుకునేవాడు. నేను మాత్రం అంకెలు చూసి మురిసిపోయాను.

నాలుగో రోజు టీ పోసుకుంటూ, ఏం తోచిందో, తుపాకీని ఫ్లాస్కు నోట్లోకి గురిపెట్టాను. పొగలు కక్కుతున్న టీ. తొంభై ఏడు పాయింట్ రెండు. గోడకు పెట్టాను. తొంభై ఏడు పాయింట్ రెండు. గేటు గొళ్ళేనికి పెట్టాను. పాపం, దానికీ జ్వరం లేదు.

పరుగున వెళ్ళి మేనేజరుకు చెప్పాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"గోడకు జ్వరం చూడమని నీకెవరు చెప్పారమ్మా?"

"గోడకీ మనిషికీ ఒకటే చూపిస్తోంది సార్. రేపు ఎవడో ఒకడు కాలిపోతూ వస్తాడు, అప్పుడూ ఇదే చూపిస్తుంది."

"కొత్తది కావాలని రాసి పంపించాను. వచ్చేదాకా దీంతోనే కానియ్యి. పైనుంచి అడిగేది రిజిస్టరు. అది నిండుతోందా లేదా?"

నిండుతోంది. చక్కగా, వరసగా నిండుతోంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకునేదాన్నే. కానీ ఆ లోపల నా చెల్లెలుంది.

అమ్మ పోయేనాటికి చెల్లెలికి ఆరేళ్ళు. జడ వేసినా, మొట్టికాయ వేసినా నేనే. కాలర్లు కుట్టే వరసలో పనిచేస్తోంది. రెండుసార్లు కడుపు మధ్యలోనే పోయి, ఈసారి ఆరో నెల దాకా నిలబడింది. ఇంటి దగ్గరుండవే అంటే వినదు. దాని మొగుడి బస్సు నడవడం మానేసింది, ఇంటికి వచ్చే జీతం దానిదొక్కటే. "నువ్వు గేటు దగ్గరుండగా నాకేం భయమక్కా" అంటుంది. ఆ మాట వింటే కడుపు నిండినట్టుండేది. భయం కూడా అప్పుడే వేసేది.

ఐదో రోజు నేను గ్లవ్సు తీసేశాను.

ఇస్త్రీ చేసే మనిషి చేతికి వేడి సంగతి తెలుస్తుంది. ఇస్త్రీపెట్టె అడుగుకు అరంగుళం దూరంలో చేతి వెనకవైపు పెట్టి, ఇది నూలుకు సరిపోతుంది, ఇది సిల్కును మాడుస్తుంది అని చెప్పగలను. ఇరవై ఏళ్ళలో నా చేతి కింద ఒక్క చొక్కా మాడలేదు. నుదురెంత? తుపాకీని పేరుకు గురిపెట్టి, తొంభై ఏడు రాసి, ఆ వెంటనే చేతి వెనకవైపు నుదుటికి ఆనించేదాన్ని. వేడిగా తగిలితే చెవి దగ్గర మెల్లగా చెప్పేదాన్ని, "కడుపునొప్పి అని చెప్పి ఇంటికెళ్ళు. నేను రాసుకుంటాను." మేనేజరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. రిజిస్టరులో కడుపునొప్పికి ఎవరూ భయపడరు కదా.

ఒక్క చిక్కు వచ్చింది. ఒకరిని ముట్టుకున్నాక శానిటైజరు రాసుకుంటే చెయ్యి మంచులా చల్లబడేది. ఆ చేత్తో తర్వాతి మనిషిని ముట్టుకుంటే ప్రతి నుదురూ నిప్పులా తగిలేది. మొదటిరోజు అలాగే ఇద్దరిని అనవసరంగా ఇంటికి పంపాను. నాకు పని నేర్పిన పెద్దాయన రోజుకు పదిసార్లు అనేవాడు, "తడి చెయ్యి అబద్ధం చెబుతుంది, తుడుచుకుని చూడు" అని. ఆ మాట గుర్తొచ్చింది. మర్నాటినుంచి శానిటైజరు వరసంతా అయిపోయాకే రాసుకునేదాన్ని. మోచేతి దాకా, శుభ్రంగా.

నా చెయ్యి పేరు ఫ్యాక్టరీ అంతా పాకింది. పాకించింది రేడియో. గుండీలు కుట్టే ఆవిణ్ణి అందరూ రేడియో అనే పిలుస్తారు, ఆవిడకి తెలిసిందంటే ఊరందరికీ తెలిసినట్టే. "తుపాకీ సంగతి వదిలెయ్యండి, గేటక్క చెయ్యి పడితే చాలు, ఆ రోజుకి ధైర్యం" అని చెప్పుకుంటూ తిరిగేది. జనం తలపాగాలు, జుట్టు పక్కకు తోసి నుదుళ్ళు ముందుకు చాపేవాళ్ళు. నాకూ కాస్త తలకెక్కింది. ఎక్కలేదంటే అబద్ధం.

ఎండలు ముదిరాయి. చెల్లెలిది నూట పన్నెండో నంబరు. దాని వంతు వచ్చేసరికి అరగంట మాడాలి. నలభై నుంచి యాభై దాకా ఉన్న సున్నాల మీద షెడ్డు నీడ పడుతుంది. నలభై ఆరో నంబరు మనిషి ఊరెళ్ళి మళ్ళీ రాలేదు. మేనేజరును బతిమాలి ఆ సున్నా చెల్లెలికి ఇప్పించాను. చుట్టూ నాలుగు మాటలు వినబడ్డాయి, వినబడనట్టే ఉన్నాను. సొంత చెల్లెలికి నీడ చూపించుకోవడం కూడా తప్పేనా?

ఆ వారం బుధవారం, నలభై ఒకటో సున్నాలో కటింగ్ మాస్టరు నిలబడి ఉన్నాడు. మనిషి నవ్వుతూనే ఉన్నాడు గానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తుపాకీ తొంభై ఏడు పాయింట్ ఒకటి అంది. చెయ్యి పెట్టగానే చురుక్కుమంది.

"మాస్టరుగారూ, ఇంటికెళ్ళండి."

"దారిలో ఎండ తగిలిందమ్మా, అంతే. పెద్ద ఆర్డరు మీదుంది, ఈ ఒక్కరోజు..."

నుదురంతా చెమట. మళ్ళీ చెయ్యి ఆనించి, రెండు నిమిషాలు అలాగే ఉంచి చూశాను. సందేహం లేదు. గొంతు పెంచేసరికి తల దించుకుని వెళ్ళిపోయాడు. అందరూ నావైపు చూశారు. ఆ క్షణంలో నా అంత గొప్పది లేదనుకున్నాను. అదే ఊపులో చెయ్యి చీరకొంగుకు తుడుచుకుని, నలభై రెండుకు వెళ్ళాను. నలభై మూడు. నలభై నాలుగులో రేడియో, "శభాష్ గేటక్కా, లోపలికి పోనిస్తే అందరం పోయేవాళ్ళం" అంటూ నుదురు చాపింది. నలభై అయిదు. నలభై ఆరులో చెల్లెలు. దాని నుదురు చల్లగా ఉంది. ప్రాణం లేచొచ్చింది. అలవాటుగా బుగ్గ కూడా ఒకసారి నిమిరాను.

శుక్రవారం కబురొచ్చింది, మాస్టరును ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారని. ఫ్యాక్టరీ మొత్తం నాకు దణ్ణం పెట్టినంత పని చేసింది.

సోమవారం నలభై రెండు, నలభై మూడు సున్నాలు ఖాళీ. ఒకరు చొక్కాలు మడతపెట్టే అమ్మాయి, ఒకరు స్టోరు గుమాస్తా. మంగళవారం నలభై నాలుగు ఖాళీ. రేడియో లేని వరస ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఎవరో నవ్విద్దామని, "ఆ నంబర్లకు ఏదో శని పట్టింది" అన్నారు. ఒక్కరూ నవ్వలేదు.

బుధవారం పొద్దున్న మొదటి నలభై మందినీ పంపి తల ఎత్తాను. నలభై ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయిదు తెల్లసున్నాలు, షెడ్డు నీడలో, ఖాళీగా. వాటి తర్వాత మా చెల్లెలు. దాని తర్వాత నలభై ఏడు, నలభై ఎనిమిది, మళ్ళీ ఖాళీ. ఆ ఖాళీల మధ్య అదొక్కతే పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

నేను రిజిస్టరు మూసి ఆలోచించాను. మడతలమ్మాయి పైఅంతస్తు. గుమాస్తాకు వేరే గది, వేరే తలుపు. రేడియో కూర్చునేది వెనకాల షెడ్డులో. కటింగ్ మాస్టరు ఆ రోజు సున్నా దాటి లోపలికే రాలేదు. వీళ్ళెవరూ కలిసి టీ తాగరు, ఒక టేబుల్ దగ్గర కూర్చోరు. మరి ఇంత వరసగా ఎలా పోతారు?

ఇస్త్రీపెట్టె అడుగున గంజి మాడి అంటుకుంటుంది ఒక్కోసారి. అది చూసుకోకుండా రుద్దుకుంటూ పోతే తర్వాతి చొక్కాకి మరక, ఆ తర్వాతి చొక్కాకి మరక. పది చొక్కాలయ్యాక గానీ తెలియదు. తప్పు గుడ్డలో వెతుకుతాం, నీళ్ళలో వెతుకుతాం. పెట్టెను తిరగేసి చూడటం చివరికి గానీ తట్టదు.

నా కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాను.

కంచే చేను మేస్తే కాపాడేదెవరు అంటారు. రోజుకు రెండు వందల నుదుళ్ళు, ఒకదాని మీద పెట్టిన చెయ్యి ఇంకోదాని మీద పెట్టుకుంటూ, పొడిగా, జాగ్రత్తగా. ఎండ తగలకూడదని తెచ్చి ఆ వరసలో దాన్ని నిలబెట్టింది కూడా నేనే. ఎవరి మీద అరవాలో తెలియలేదు. మేనేజరు మీద అరవొచ్చు, ఆ దిక్కుమాలిన తుపాకీని నేలకేసి కొట్టొచ్చు. కానీ మాస్టరు చెమట తుడుచుకుని దాని బుగ్గ నిమిరింది మేనేజరు కాదు.

"అక్కా, ఏంటలా నిలబడ్డావ్? త్వరగా రా, నడుం లాగేస్తోంది" అంది చెల్లెలు.

వెళ్ళాను. రెండు అడుగుల దూరంలో ఆగి తుపాకీ ఎత్తాను. తొంభై ఏడు పాయింట్ రెండు.

చెల్లెలు ఫక్కున నవ్వింది. "దాని మాట ఎవరు నమ్ముతారు? చెయ్యి పెట్టు." కొంగు వెనక్కి తోసుకుని, చిన్నప్పుడు బొట్టు పెట్టించుకునేటప్పటిలాగా కళ్ళు మూసుకుని మొహం ముందుకు పెట్టింది. "రాత్రినుంచి ఒళ్ళు కాస్త బరువుగా ఉంది. నిద్ర లేక అయ్యుంటుంది. నువ్వు చూసి ఏం లేదని చెప్పావంటే నా పని నేను చేసుకుంటా."

"మొహం అటు తిప్పుకో" అన్నాను. శానిటైజరు సీసా మూత విప్పి చేతుల మీద కుమ్మరించుకున్నాను. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మణికట్టు పైదాకా. నేల మీద పడి తెల్లసున్నా అంచు తడిసింది.

"అంతా వొంపేస్తున్నావేంటక్కా?"

చల్లటి, తడి చెయ్యి దాని నుదుటి మీద పెట్టాను. నిప్పులా తగిలింది.

తడి చెయ్యి అబద్ధం చెబుతుంది. ఇరవై ఏళ్ళుగా నమ్మిన మాట. అబద్ధమే చెప్పు తల్లీ, ఈ ఒక్కసారికి అబద్ధమే చెప్పు అనుకుంటూ, చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాను. వెనక వరసలో ఎవరో దగ్గు మింగారు. చెల్లెలు కళ్ళు తెరవకుండానే, "ఏం లేదుగా అక్కా?" అంది.

చెయ్యి మెల్లగా ఆరింది. వేడి తగ్గలేదు.