పక్క చదువు

"పై చదువు చదవాలిగానీ పక్క చదువు చదువుతారా ఎవరైనా?" అన్నారు మా ఆయన. తన మాటకు తనే నవ్వుకున్నారు.

నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు ఎప్పుడూ లోపలి వైపు నుంచి మొదలుపెట్టాలి. పైవైపు నుంచి మొదలుపెడితే అంచు దగ్గర ముడత పడుతుంది. ఆ చొక్కాల గురించి నాకు తెలిసినంత ఆయనకు తెలియదు. తొడుక్కోవడం మాత్రం తెలుసు.

సెలవు రోజు. అందరం హాల్లోనే ఉన్నాం. అత్తయ్య టీవీ ముందు, మా అమ్మాయి భోజనాల బల్ల దగ్గర కాలేజీ పుస్తకాలతో, ఆయన టీ కప్పుతో. నా కాలేజీ దరఖాస్తుకు రేపే ఆఖరు. చదువుకుంటామంటే మా ఆఫీసులో సాయంత్రం గంట ముందు వదులుతారు, కానీ సర్వీసు మొత్తానికి ఒక్క చదువుకే. పీజీ చేస్తే సెక్షన్ హెడ్ పోస్టు నాకు వస్తుంది. రెండో డిగ్రీ చేస్తే ఏమీ రాదు. ఇంత చిన్న విషయం నాకెందుకు అర్థం కావడం లేదో ఇంట్లో ఎవరికీ అర్థం కావడం లేదు. నాకు అర్థమైంది. అయినా పొద్దున్నుంచీ ఆ దరఖాస్తును ఫోనులో తెరుస్తున్నాను, మూస్తున్నాను. భయం కాదు. భయం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇది అది కాదు.

నేను నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ల్యాబులో అనకూడదు, ల్యాబు బయటి గదిలో. సీసాలు వస్తాయి. నంబరు అంటించి లోపలికి పంపుతాను. లోపలి నుంచి కాగితం వస్తుంది. "తాగడానికి పనికిరావు" అని టైపు చేస్తాను. ఎందుకు పనికిరావో ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు. మా ఊరి బళ్లో సైన్సు మాస్టారు అమీబాను సుద్దముక్కతో బోర్డు మీద గీసేవారు. ఒక్కోసారి ఒక్కో ఆకారంలో గీసేవారు. ఎలా గీసినా మార్కులేస్తారని మేం సంబరపడేవాళ్లం. నాకు తెలిసిన సైన్సు అంతే. డిగ్రీలో అదే తీసుకుంటానంటే నాన్న, "ల్యాబులంటూ పొద్దుపోయేదాకా అక్కడే ఉంటే ఇంట్లో ఎవరు చూస్తారే? పొద్దుటి క్లాసులున్నదేదో తీసుకో" అన్నారు. పొద్దుటి క్లాసులున్నది పాలనాశాస్త్రం. అన్నయ్య మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి నేను ఇంట్లో ఉండాలి. నా డిగ్రీని ఎంచింది అన్నయ్య ఆకలి.

కిందటి నెల ఒక రోజు ల్యాబు మేడమ్ తలుపు తీసి, "ఖాళీగా ఉంటే ఇలా రా, ఒక తమాషా చూపిస్తా" అన్నారు. మైక్రోస్కోపు కింద చెరువు నీటి చుక్క. మొదట నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తర్వాత వెలుగు. ఆ వెలుగులో గాజుతో చేసినట్టున్న ఒక జీవి. దాని తల మీద రెండు చక్రాలు తిరుగుతున్నాయి. "చక్రాలు కావు, సన్నటి వెంట్రుకలు. అవి కదులుతుంటే మనకలా అనిపిస్తుంది" అన్నారు మేడమ్. అది తిన్నదేదో కడుపులో పచ్చగా మెరుస్తోంది. నేను ఎవరి భార్యనో, ఎవరి కోడలినో, వేళకు టీ ఇచ్చానో లేదో దానికి అక్కర్లేదు. తన పనిలో తానుంది. ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయాను. "కన్ను అక్కడే అతికించేశావా ఏంటి? ఇక అద్దె కట్టాలమ్మాయ్" అన్నారు మేడమ్.

ఆ సాయంత్రం బస్సెక్కడం మర్చిపోయి నడిచి వచ్చేశాను. రోడ్డు మీద నీటి గుంట కనిపించినప్పుడల్లా ఆగాను. ఇన్నాళ్లూ వీటిని చీర తడుస్తుందని దాటుకుంటూ వెళ్లాను. ఇంటికొచ్చి పూలకుండీ కింది పళ్లెంలో నీళ్లు పారబోయలేకపోయాను. "దోమలు పెంచుతున్నావా?" అని అత్తయ్య కేకలేసినా పారబోయలేదు.

మర్నాడే మేడమ్‌ని అడిగాను. "నాకు డిగ్రీ ఉంది కదండీ, దీంట్లో పీజీ చేయొచ్చా?"

"కుదరదమ్మా. డిగ్రీలో సైన్సు ఉండాలి. నువ్వు మళ్లీ మొదటి నుంచి రావాలి."

ఆవిడ జాలిపడుతూ చెప్పారు. నాకు చెవులు వేడెక్కాయి. మొదటి నుంచి! నాకు ఎవరూ దేన్నీ మొదటి నుంచి ఇవ్వలేదు. మిగిలింది ఇచ్చారు. ఇంటి పనికి అడ్డం రాకుండా మిగిలిన చదువు, అందరూ తిన్నాక మిగిలిన కూర, అందరూ పడుకున్నాక మిగిలిన మంచం అంచు. ఇప్పుడు ఒక కాలేజీ నన్ను మొదటి నుంచి రమ్మంటోంది. దానికి జాలిపడతారెందుకు?

"ఈ వయసులో పిల్లల పక్కన కూర్చుని ఫస్టియరా?" అని మా ఆయన మళ్లీ మొదలుపెట్టారు. "మా ఆవిడ డిగ్రీ చదువుతోందని చెబితే, ఇంతకీ నీకు పెళ్లెప్పుడైందిరా అంటారు మావాళ్లు."

"తల్లీ కూతుళ్లిద్దరికీ ఒకే సంచి కొనెయ్, ఖర్చు కలిసొస్తుంది" అన్నారు అత్తయ్య.

"నాది కామర్సు నానమ్మా. అమ్మది పురుగులు."

"అయితే ముందు ఆ కుండీ కింద దోమల సంగతి చూడమను."

నేనూ నవ్వాను. నవ్వకపోతే మొహం ముడుచుకుందంటారు.

మా ఆయనకు మంచివారని పేరు. తాగరు, చెయ్యెత్తరు. చేయకూడనివి చేయకపోవడమే మంచితనమైతే ఈ గోడ కూడా మంచిదే. ఆ మంచితనంతోనే ఇప్పుడు నాకు దారి చూపిస్తున్నారు.

"చూడు, నేను చేసిన పీజీయే చెయ్యి. పాలనాశాస్త్రం. నా నోట్సులన్నీ అటక మీద ఉన్నాయి. ఉద్యోగం చేస్తూనే రెండేళ్లలో కొట్టేశాను నేను. నీకేం కష్టం?"

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

ఆయన పట్టా ఫ్రేములో ఈ హాలు గోడ మీదే ఉంది. దాని దుమ్ము తుడిచేది నేనే. దూరవిద్యలో చేశారు. మొదట, రాసి పంపాల్సిన జవాబులు నా చేతికిచ్చి, "నీ రాత గుండ్రంగా ఉంటుంది, కాస్త ఫెయిరు చేసిపెట్టు" అన్నారు. తర్వాత, "ఆ చివరి పేరా నువ్వే అల్లెయ్" అన్నారు. ఆ తర్వాత ప్రశ్నలు ఫ్రిజ్ మీద పెట్టి ఆఫీసుకు వెళ్లిపోయేవారు. నేను సెలవు రోజుల్లో వంటింటి గట్టు మీద చదివి, అక్కడే రాసేదాన్ని. అత్తయ్య ఏమిటని అడిగితే సరుకుల లిస్టు అనేదాన్ని. "ఎన్ని సరుకులే తల్లీ, ఊరందరికీ వండుతున్నావా?" అనేవారు. పరీక్షలప్పుడు ఆయన గడ్డం గీసుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి పాఠం చదివి వినిపించేదాన్ని. సాయంత్రం ఆయన గది తలుపేసుకునేవారు. "వాడు చదువుకుంటున్నాడు" అని అత్తయ్య టీవీ కట్టేసేవారు. లోపల గురక సన్నగా వినిపించేది. పట్టా వచ్చాక ఆఫీసువాళ్లు సన్మానం చేశారు. "మా ఆవిడ సహకారం మరువలేనిది. వేళకు టీలు అందించింది" అన్నారు మైకులో. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇప్పుడాయన మొహంలోకి చూశాను. అబద్ధమాడటం లేదు. నిజంగానే తనే చేశాననుకుంటున్నారు. అబద్ధమైతే కనీసం నేను గుర్తుండేదాన్ని.

"అది చేసేశానండీ" అన్నాను.

"ఏది?"

"ఆ పీజీ. మీ పేరు మీద. ఫస్ట్ క్లాసు కూడా వచ్చింది. అదే చదువు రెండోసారి ఎవరైనా చదువుతారా?"

మా అమ్మాయి పెన్ను ఆగింది. అత్తయ్య టీవీ శబ్దం తగ్గించారు.

"ఆ సరుకుల లిస్టులా?" అన్నారు.

తల ఊపాను. ఆవిడ కొడుకు వైపు తిరిగారు.

"ఒరేయ్, అయితే తలుపేసుకుని నువ్వేం చేసేవాడివిరా? రెండేళ్లు నీకోసం సీరియల్ మానేశాను. అందులో ఆ పిల్ల చివరికి ఎవర్ని చేసుకుందో నాకిప్పటికీ తెలీదు!"

మా అమ్మాయి బల్ల మీద తల వాల్చి పగలబడి నవ్వింది. "సాయం చేసింది, నేను కాదన్నానా..." అంటున్నారు ఆయన. ఎవరూ వినడం లేదు. నేను కూడా.

ఇస్త్రీపెట్టె ప్లగ్గు లాగేశాను. సోఫాలో కూర్చుని ఫోను తీశాను. ఏ చదువు అన్నచోట డిగ్రీ, ఏ సబ్జెక్టు అన్నచోట సూక్ష్మజీవశాస్త్రం. తప్పు పడింది, చెరిపి మళ్లీ కొట్టాను. కింద, విద్యార్థి తెచ్చుకోవలసినవి: తెల్లకోటు. ఆ ఒక్క మాటను మళ్లీ మళ్లీ చదువుకున్నాను. పంపించు అన్నదాన్ని నొక్కాను. గుండ్రటి గుర్తొకటి తెర మీద గిరగిరా తిరిగింది, సరిగ్గా ఆ చుక్కలోని చక్రాల్లాగే. ఆగింది. అందింది అని వచ్చింది.

"మరి ఈ చొక్కాలు?" అన్నారు మా ఆయన, బల్ల మీది గుట్టను చూస్తూ.

"కాలరు లోపలి వైపు నుంచి మొదలుపెట్టండి" అన్నాను.